చుట్టకుదురు మీద ఎర్ర బకెట్టు

మంటలార్పడానికి గోడలకు తగిలించే ఎర్ర బకెట్లకు అడుగు గుండ్రంగా ఉంటుంది. నేల మీద పెడితే నిలబడవు, పక్కకు ఒరిగిపోతాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు చిరాకేసింది. ఇంత మంచి ఇనుము వాడి, కింద చదునుగా చేయడానికి ఏం రోగమొచ్చిందో వీళ్లకు, అనుకున్నాను.

మేముండేది అమీర్‌పేటలో, మెట్రో లైను వెనకాల సందులో. కింద కోట్లు కుట్టే టైలరు భాయ్ దుకాణం, ఆ పైన కంప్యూటరు కోచింగు, దాని మీద ఆడపిల్లల హాస్టలు, మూడో అంతస్తులో మేము. నేను, నా కొడుకు, కోడలు, మనవరాలు. కొడుకు పంజాగుట్టలో బట్టల షాపులో పని చేస్తాడు. నేనూ కోడలూ ఇంట్లోనే సకినాలు, మురుకులు, ఉప్పు పల్లీలు చేసి హాస్టళ్లకూ రెండు మిఠాయి కొట్లకూ ఇచ్చేవాళ్లం.

ఎవరో తనిఖీకి వచ్చి వెళ్లాక ఓనరు ప్రతి అంతస్తులో మెట్ల పక్కన మంటలార్పే ఎర్ర సిలిండరు ఒకటి, ఒక ఎర్ర బకెట్టు తగిలించాడు. బకెట్టు నిండా ఇసుక. చెయ్యి పెట్టి చూశాను. జల్లించిన సన్న ఇసుక, గాజుపొడిలా మెరుస్తోంది. నాకు పల్లీలు వేయించడానికి అలాంటి ఇసుకే కావాలి. ఇసుకలో వేయించిన పల్లీ మాడదు, లోపలిదాకా ఒకేలా వేగుతుంది. ఈ పట్నంలో ఇసుక ఎవరిస్తారు? ఇల్లు కట్టే చోట దోసెడు అడిగినా కుక్కను తరిమినట్టు తరుముతారు.

నేను ఆ ఇసుక తెచ్చుకున్నాను. కడిగి, మేడ మీద ఆరబోసి, కడాయిలో పోసుకున్నాను. ఖాళీ బకెట్టు వదలబుద్ధి కాలేదు. పాత చీర చింపి చుట్టకుదురు చుట్టి, దాని మీద బకెట్టును కూర్చోబెట్టాను. కదలకుండా నిలబడింది. దాని నిండా నీళ్లు పోసి గ్యాసు పొయ్యి పక్కన పెట్టాను. దాన్ని చేసినవాళ్లకంటే నాకే తెలివి ఎక్కువని ఆ రోజు గర్వపడ్డాను కూడా.

కోడలు చూసి బుగ్గలు నొక్కుకుంది.

"అత్తమ్మా, గది మంటలకు పెట్టింది గదా! ఓనరు చూస్తే ఏమంటడు?"

"నేను సుత మంటలకే పెట్టిన. పొయ్యి కాడ పెట్టక గోడకు నగ లెక్క వేలాడదియ్యాల్నా?"

"ఇసుకనో?"

"ఇసుక పల్లీలల్ల ఉన్నది. నువ్వు తిన్నవు గదా మొన్న, మస్తున్నయన్నవు."

ఆమె నవ్వింది. నేను నవ్వలేదు. కోడళ్ల ముందు నవ్వితే చనువిచ్చినట్టవుతుందని మా అత్త చెప్పేది. మా అత్త చెప్పిన దేన్నీ నేను కాదనలేదు.

పొయ్యి పక్కన నీళ్లుండాలన్నది కూడా ఆమె మాటే. మా అత్తవారిది మగ్గాల ఊరు. ఇంట్లో ఎటు చూసినా నూలు. దూలాలకు నూలు, మంచాల కింద నూలు, దేవుడి గూటి పక్కన నూలు. నేను కాపురానికి వెళ్లిన రోజు ఆమె నాకు మొట్టమొదట చూపించింది పొయ్యి పక్కన కుండ. "గీ కుండ ఎండిననాడు గీ ఇంట్ల మన కండ్లు తడుస్తయి" అంది. ఒకసారి నిజంగానే నూలు మూటకు నిప్పంటుకుంది. పైన మంట ఆరినట్టే ఉంది గాని లోపల కుములుతోంది. ఆ కుండ నీళ్లు రెండుసార్లు పోసి, మూట విప్పి, మళ్లీ పోస్తే గాని చల్లారలేదు. అంతటి అత్త ఆ రోజు నా వీపు మీద చెయ్యి వేసింది. మూడో తరగతితో బడి మానేసిన నాకు ఆ కుండే చదువు. నిప్పంటే నీళ్లు. అంతకు మించి నేర్చుకోవాల్సింది ఏముంటుంది?

బకెట్లు తగిలించిన కొన్నాళ్లకు, మంటలెలా ఆర్పాలో చూపించే మనిషి ఒకాయన వచ్చాడు. కింద బండ్లు పెట్టేచోట ఇనుప పళ్లెంలో నూనె పోసి అంటించి చూపిస్తాడట. అందరూ రావాలని ఓనరు కబురు పెట్టాడు. కోడలు చేతులు కడుక్కుని దిగిపోయింది. పిండి కలిపి ఉంది. ఆలస్యమైతే పులుస్తుంది. నేను వరండాలోంచి కిందికి వంగి కేకేశాను.

"ఏందే, ఆడ కోతులాట ఆడిస్తుండ్రా? పిండి నీ అయ్య వచ్చి చుడ్తడా?"

హాస్టలు పిల్లలు కిసుక్కున నవ్వారు. కోడలు తల వంచుకుని వచ్చేసింది. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు మాత్రం ఆగలేకపోయింది.

"అత్తమ్మా, నూనె మంట మీద నీళ్లు పొయ్యొద్దంట. మూత పెట్టాల్నంట. గాలి అందకుంటె అదే సస్తదంట."

"నీకు గింత చెప్పెటందుకు ఆయనకు జీతమిస్తున్రా?"

"నిజం అత్తమ్మా. ఎందుకో సుత చెప్తుండె. గంతల్నె నువ్వు పిలిచినవ్."

"నలభై ఏండ్ల సంది పొయ్యి కాడ ఉన్న. నాకు చెప్పొస్తున్నవా? తిను, అన్నం చల్లారుతది."

ఆమె తిన్నది.

హాస్టలు పిల్లలు సెలవులకు ఊళ్లకు వెళ్లే ముందు మాకు పని ఎక్కువ. ఆ రోజు పొద్దున్నుంచీ పొయ్యి ఆరలేదు. ముందు వాయిల్లో మిగిలిన నూనె వడగట్టి కొత్త నూనెలో కలిపి పోయడం నా అలవాటు. నల్లబడిన నూనె పారబొయ్యడమంటే నా చెయ్యి తెగినట్టే ఉండేది. అలా మళ్లీ మళ్లీ కాగిన నూనె కొత్తదానికంటే ముందే పొగలేస్తుందనీ, ముందే అంటుకుంటుందనీ నాకు తర్వాత తెలిసింది. నాకు అన్నీ తర్వాతే తెలిశాయి.

నేను గుమ్మం దగ్గర మిఠాయి కొట్టు ఆయనతో ఫోనులో మాట్లాడుతున్నాను. కోడలు లోపలినుంచి అడిగింది.

"అత్తమ్మా, నూనె బాగ పొగొస్తున్నది. ఆపనా జర?"

"ఆపి మళ్ల కాగబెడ్తె ఎంత గ్యాసు అయితదే? ఉండనియ్యి. వస్తున్న."

ఫోను పెట్టేసి వెనక్కి తిరిగేసరికి కడాయిలో మంట లేచి ఉంది. పెద్దది కాదు. మోచెయ్యెత్తు, పసుపుగా, కదలకుండా. కోడలు సకినాలు పరిచే తాంబాళాన్ని రెండు చేతులతో పట్టుకుని ఉంది. దాన్ని కడాయి మీదికి జరపబోతోంది.

"అత్తమ్మా, మూత పెడ్త…"

"మూత లేదు గీత లేదు! నీళ్లు పొయ్యవే! బకెట్ల నీళ్లు పొయ్యి!"

ఆమె నా వైపు చూసింది. ఒక్క క్షణం. చూసి, తాంబాళం కింద పెట్టింది. చుట్టకుదురు మీద ఉన్న బకెట్టు ఎత్తింది.

ఆ తర్వాత విన్న చప్పుడు లాంటిది నేను ఇంకెక్కడా వినలేదు. వంటగదిలో సగం మేర మంటే. పైకప్పు దాకా లేచింది.

టైలరు భాయ్ ఎలా వచ్చాడో, మూడంతస్తులు ఎన్ని అంగల్లో ఎక్కాడో తెలియదు. ఇస్త్రీ బల్ల మీద పరిచే దళసరి కంబళి లాక్కుని వచ్చాడు. దాన్ని నా కోడలికి చుట్టి కింద దొర్లించాడు. గ్యాసు కట్టేశాడు. కడాయి ఇంకా మండుతోంది. మెట్ల దగ్గరికి పరుగెత్తి అక్కడినుంచి అరిచాడు.

"అమ్మా! ఇసుక బకెట్ ఏది? మీ ఫ్లోర్ బకెట్ కహా హై?"

కొక్కెం మాత్రం ఉంది. ఆయన కింది అంతస్తుకు పరుగెత్తాడు. బకెట్టు నా కాళ్ల దగ్గరే ఉంది. అడుగు గుండ్రం కదా, ఆగకుండా అటూ ఇటూ ఊగుతోంది.

నా కోడలు ఆసుపత్రిలో పందొమ్మిది రోజులుంది.

కోడలు వంటింట్లో కాలిపోతే లోకం ముందు అత్త వైపే చూస్తుంది. తప్పు పట్టను. రెండో రోజో మూడో రోజో ఒక ఆఫీసరమ్మ వాంగ్మూలం రాసుకోవడానికి వచ్చింది. మమ్మల్ని బయటికి పంపారు. తలుపు సరిగా పడలేదు. నాకు వినిపించింది.

"మీ అత్త ఎక్కడున్నది అప్పుడు?"

"బయట ఫోన్ మాట్లాడుతున్నది మేడం. ఇంట్ల లేదు."

"నీళ్లు ఎవరు పొయ్యమన్నరు?"

"ఎవలు చెప్పలే. నా అంతట నేనే పోసిన. నాకు తెల్వదు మేడం, నీళ్లు పొయ్యొద్దని."

గోడకు ఆనుకుని నిలబడ్డాను. లోపలికి వెళ్లి, కాదమ్మా, దానికి తెలుసు, పొయ్యమన్నది నేనే అని చెప్పడానికి నాలుగు అడుగులు చాలు. నేను వెయ్యలేదు.

ఆఫీసరమ్మ వెళ్లాక నర్సు చెంచాతో నీళ్లు తాగించమంది. కట్ల మధ్య పెదవులు మాత్రం కనిపిస్తున్నాయి. ఒక్కో చుక్కా పోశాను. నాలుగు చెంచాలు తాగి, ఆగి, అంది.

"అత్తమ్మా, పాపకు చెప్పకు."

"ఏంది?"

"గదే. పాపకు ఇగ నువ్వే దిక్కు. నువ్వంటె కోపం రావొద్దు దానికి. చెప్పకు."

ఆ మాటను నేను కొంగున ముడేసుకున్నాను. చనిపోయేవాళ్ల కోరిక కాబట్టి ముడేసుకున్నానని నాకు నేను చెప్పుకున్నాను. నాకు పనికొచ్చే మాట కాబట్టి ముడేసుకున్నాను.

పంజాగుట్ట శ్మశానంలో దహనం. మూడో రోజు అస్థులు ఏరడానికి వెళ్లాం. బూడిద కింద ఇంకా వేడి ఉంది. కాటికాపరి కుండతో నీళ్లు చిలకరించాడు, ఆ తర్వాత నా కొడుకు చేత పాలు పోయించాడు. సుయ్యిమని ఒక చిన్న చప్పుడు, కొంచెం ఆవిరి, అంతే. కట్టెల నిప్పు కదా. దానికి నీళ్లే సరి. అది చూస్తూ మా అత్త కుండ గుర్తొచ్చింది. ఆమె చెప్పింది అబద్ధం కాదు. నూలున్న ఇంటి మాట అది. నేను దాన్ని నూనె ఉన్న ఇంటికి మోసుకొచ్చాను.

పిండివంటల పని ఆపేశాం. కడాయి పాత ఇనుముకు వేశాను. ఎవరూ అడగకుండానే బకెట్టులో ఇసుక నింపి మళ్లీ కొక్కేనికి తగిలించాను. పల్లీలలో వాడిన ఇసుకే. నల్లబడింది.

నా మనవరాలు ఏడో తరగతి. తల్లి ఉన్నప్పుడు తల్లి జడ వేసేది, తర్వాత నేను. నాకు మెత్తగా దువ్వడం రాదు. గట్టిగా లాగి, పాయలు బిగించి, రిబ్బను రెండు ముళ్లు వేస్తాను. "బాపమ్మా, నొస్తున్నది" అనేది. "నొస్తెనే సాయంత్రం దాక ఉంటది" అనేదాన్ని. అంత నొచ్చినా రోజూ పొద్దున్నే దువ్వెన పట్టుకొచ్చి నా మోకాళ్ల మధ్య కూర్చునేది. ఆ పావుగంట కోసమే నేను లేచేదాన్ని.

ఒకరోజు బడినుంచి రాగానే పుస్తకం నా ముందు పెట్టింది.

"బాపమ్మా, మంటకు మూడు కావాలంట. కాలేటిది, గాలి, వేడి. మూడిట్ల ఒకటి తీసేస్తే ఆరిపోతదంట."

"అట్లనా?"

"నీళ్లు వేడి తీసేస్తయంట. మూత, ఇసుక గాలి తీసేస్తయంట. కరెంటు మంటకు నీళ్లు పోస్తే షాక్ కొడ్తదంట, దానికి మెట్ల కాడి ఎర్ర సిలిండర్ల గ్యాస్ కొట్టాల్నంట. నూనెకు నీళ్లెందుకు పొయ్యొద్దో తెలుసా? నీళ్లు బరువు. నూనె కిందికి పోతయి. ఆడ నూనె మస్తు వేడుంటది గదా, ఒక్కసారే ఆవిరైపోయి మండే నూనెను మీదికి ఎగజిమ్ముతయంట."

నేను దేవుడి గూటి వైపు చూశాను. అక్కడ గాజు గ్లాసులో దీపం వెలుగుతోంది. నూనె కలిసొస్తుందని ముప్పావు గ్లాసు నీళ్లు పోసి, పైన వేలెడు నూనె పోసి వత్తి వేస్తాను. పెళ్లయిన నాటినుంచీ అలాగే. నీళ్లు కిందికి పోతాయనీ, నూనె పైన తేలుతుందనీ నలభై ఏళ్లుగా రోజూ సాయంత్రం నా కళ్లతో చూస్తూనే ఉన్నాను. ఎవరో వచ్చి నేర్పాల్సిన విషయం కాదు.

పిల్ల పుస్తకం మూసింది.

"అమ్మకు గిది తెల్సుంటె బతికేది గదా బాపమ్మా? అమ్మ సదువుకోలే. అందుకే తెల్వక పోసింది."

"ఊఁ" అన్నాను.

ఆ ఒక్క "ఊఁ"తో నా కోడలిని రెండోసారి కాల్చినట్టయింది. అది పదో తరగతి పాసయింది. నాకంటే ఏడు తరగతులు ఎక్కువ. అయినా, ఆఫీసరమ్మ రాసుకున్న మాటలే ఇంట్లో అందరూ నమ్మారు కాబట్టి, పిల్ల మనసులో తల్లి ఒక తెలివితక్కువ మనిషిగా మిగిలిపోయింది. తన స్నేహితురాళ్లకు కూడా అలాగే చెప్పేది. "మా అమ్మకు తెల్వదు పాపం" అనేది. విన్న ప్రతిసారీ నోటిదాకా వచ్చేది. చెప్పకు అన్న మాట అడ్డం పెట్టుకుని మింగేదాన్ని. చెబితే ఆ దువ్వెన పట్టుకుని నా దగ్గరికి వచ్చే పిల్ల మళ్లీ రాదు. నాకు ఆ భయం ఒక్కటే.

మొన్న మళ్లీ ఆ మంటల మనిషి వచ్చాడు. ఈసారి ఎవరూ పిలవకముందే నేను దిగాను. మనవరాలు నా పక్కనే నిలబడింది. టైలరు భాయ్ నాకు కుర్చీ వేశాడు. ఆయన చేతి మీద ఆనాటి కాలిన మచ్చ ఇంకా ఉంది.

ఆ మనిషి ముందు బకెట్టు చూపించాడు.

"దీని అడుగు గుండ్రంగా ఎందుకుంటదో ఎవరన్నా చెప్తారా?"

ఆయనే చెప్పాడు.

"కింద నిలబడితే జనం ఇంట్ల పెట్టుకుంటరు సార్! నీళ్లకో, బట్టలకో వాడుకుంటరు. నిలబడకుంటె ఎవరూ ఎత్తుకపోరు. గందుకే అట్ల చేసిన్రు."

అందరూ నవ్వారు. హాస్టలు పిల్లలు చప్పట్లు కొట్టారు. భాయ్ నవ్వలేదు. నా వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. ఆ బకెట్టు సంగతి ఆయనకు తెలుసు. ఇంతకాలం ఎవరికీ చెప్పలేదు.

తర్వాత పళ్లెంలో నూనె అంటించాడు. పొడవాటి కర్రకు గిన్నె కట్టి, దూరంగా నిలబడి, ఒక్క గ్లాసెడు నీళ్లు పోశాడు. మంట తాటిచెట్టులా లేచింది. అందరూ వెనక్కి దూకారు. పిల్ల నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తర్వాత మళ్లీ అంటించి, మీద మూత జరిపాడు. చప్పుడు లేదు. పొగ కూడా పెద్దగా లేదు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేలోపు ఆరిపోయింది. వేడి తగ్గేదాకా మూత తీయొద్దని చెప్పాడు.

అంతే పని. ఆ రోజు తాంబాళం అప్పటికే నా కోడలి చేతుల్లో ఉంది.

"అంకుల్," అని నా మనవరాలు గట్టిగా అంది, "మా అమ్మ గట్లనే నీళ్లు పోసింది. ఆమెకు తెల్వదు."

ఆయన ముఖం మారిపోయింది. "చానా మందికి తెల్వదు బేటా. మీ అమ్మ తప్పు కాదు" అన్నాడు మెల్లగా.

జనం అయ్యో అన్నారు. జాలిపడ్డారు, నా కోడలి తెలియనితనానికి. నేను కుర్చీలోంచి లేచాను.

"దానికి తెలుసు," అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. నేను ఆయనతో కాదు, పిల్లతో చెప్పాను.

"మీ అమ్మకు తెలుసు బిడ్డా. ఇక్కడనే నిలబడి చూసిపోయింది. నేను మీదికెల్లి ఒర్లి పిలిస్తే సగంల వచ్చింది. ఆ దినం మూత చేతుల పట్టుకున్నది. పెడ్తనన్నది. నేనే వద్దన్న. నీళ్లు పొయ్యమని ఒర్రింది నేను. ఆ బకెట్ల ఇసుక తీసి నీళ్లు పోసి ఆడ పెట్టింది నేను. మీ అమ్మ తెల్వక పొయ్యలే. నా మాట కాదనలేక పోసింది."

భాయ్ "అమ్మా, బస్, కూచోండి" అన్నాడు. నేను కూర్చోలేదు.

పిల్ల ఏడవలేదు. నన్ను చూసింది. వంటింట్లో ఆ రోజు వాళ్లమ్మ చూసిన చూపే.

"ఆఫీసర్ మేడంకు అమ్మ గట్లెందుకు చెప్పింది మరి?" అంది.

"నా కోసం. నీ కోసం సుత. నీకు చెప్పొద్దన్నది."

"నువ్వు ఇన్ని రోజులు చెప్పలే."

"చెప్పలే."

అది నా చెయ్యి వదిలేసింది. విసిరికొట్టలేదు. నెమ్మదిగా, పట్టుకున్న గిన్నె కింద పెట్టినట్టు వదిలి మెట్లెక్కి వెళ్లిపోయింది. మూడో అంతస్తు దాకా దాని అడుగుల చప్పుడు వింటూ నిలబడ్డాను.

మర్నాడు పొద్దున ఎప్పటిలాగే గుమ్మం దగ్గర చాప వేసుకుని కూర్చున్నాను. రిబ్బను మడత విప్పి మోకాలి మీద పెట్టుకున్నాను. పిల్ల స్నానం చేసి వచ్చింది. అద్దం ముందు నిలబడి దువ్వెన తీసుకుంది. తనే పాపిట తీసుకుంది. తనే జడ అల్లుకుంది. పాయలు వదులుగా పోయాయి, జడ ఒక పక్కకు వంకరగా వచ్చింది. రిబ్బను కోసం నా దగ్గరికి వచ్చి, నా మోకాలి మీదినుంచి తీసుకుని, ఒకటే ముడి వేసుకుంది.

సాయంత్రం దాకా ఉండదు ఆ ముడి. బడికి వెళ్లేలోపే ఊడుతుంది.

నేను నోరు తెరవలేదు. అది సంచి భుజాన వేసుకుని, ఆ వంకర జడతోనే, ఎర్ర బకెట్టు పక్కనుంచి మెట్లు దిగి వెళ్లింది.